సంఘం భవనంలో మన పాట

తమ్ముడు పరమేష్‌కు,

వాట్సాప్‌లో రాస్తే దండం గుర్తు పెట్టి తప్పించుకుంటావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. మన ఇంటి రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ విడుదలను మేడ్చల్‌లో మన కులసంఘం భవనంలో పెట్టావట. అందులో మొదటి పాటే కులాన్ని పాతిపెట్టమంటుంది. అది నేను రాశాను, డ్రమ్స్ నువ్వు కొట్టావు, నీ బిడ్డ భవిత గొంతు పగిలేలా పాడింది. ఆ గోడల మధ్య దాన్ని ఏ మొహంతో పాడతాం?

ఇదే భవితను అడిగాను.

"పెద్దబాపూ, శామీర్‌పేట రిసార్టోళ్లు సినిమా పాటలైతెనే రమ్మన్నరు. మన కాలనీల డ్రమ్ము ముట్టంగనే పోలీసులకు ఫోన్ జేస్తరు. సంఘపోళ్లే తాళంచెవి ఇచ్చిన్రు. యాడ పాడాలెనో నువ్వే జెప్పు" అంది.

నేనే వెతుకుతానని బయల్దేరాను. ఇన్నేళ్లు ఉద్యమంలో నాతో జెండాలు మోసిన మిత్రులను హాలు అడిగితే, "గిటార్లు మన సంస్కృతి గాదన్నా, డప్పు పట్టుకొని రాండ్రి" అన్నారు. వాళ్లతో గొంతు పోయేదాకా కొట్లాడి, ఉత్త చేతులతో వచ్చాను.

పాట వింటే సంఘం అధ్యక్షుడే వద్దంటాడని ఆశపడ్డాను. నిన్న నేనే వెళ్లి ఫోన్లో వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విని, "మస్తు రాసినవన్నా, ఎంతైనా మనోడివి గద" అని నా భుజం తట్టాడు. తిట్టి ఉంటే జవాబిచ్చేవాణ్ణి. పొగిడితే ఏం చేయాలి?

ఆదివారం బేస్ గిటార్ పట్టుకుని వస్తాను. నాకు శాలువా కప్పొద్దని చెప్పు. చెప్పినా కప్పుతారు. కనీసం పాట మధ్యలో కప్పొద్దని చెప్పు. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి, తీసి పడేయలేను.

నీ అన్న