మనవడి ఇనుప బారు, నా నీళ్ల కడవ

కర్నూలు

చిరంజీవి తమ్ముడు రామప్పను అక్క ఈశ్వరమ్మ దీవించి రాయడమేమనగా, ఇక్కడ నేనూ, మనవడు నాగరాజూ బాగున్నాము. నీ మోకాళ్ల నొప్పి, మరదలి దగ్గు, చిన్నమ్మ కోపం ఎలా ఉన్నాయో రాయి.

పత్తికొండ విడిచి మూడు నెలలైంది. కర్నూలు రాజధాని అయ్యాక ఇల్లు దొరకడమే గొప్పట. దొరికిన గదిలో నేను కాళ్లు చాపితే వాడు గడపలో నిలబడాలి. అయినా బాగానే ఉన్నాను. పలకరించే మనిషి లేక వీధి కుళాయితో మాట్లాడుతున్నాను. అదీ పొద్దున ఒక్క గంటే పలుకుతుంది.

నాగరాజు ఆఫీసు నుంచి నేరుగా కసరత్తు చేసే తాలింఖానాకు పోయి, ఇనుప బారుకు రెండు వైపులా బిళ్లలు తగిలించి ఎత్తుతాడు. నువ్వు పంపిన నెయ్యి తాగి, ఆ ధైర్యంతో ఒకేసారి ఇరవై పౌండ్లు పెంచాడు. నడుము పట్టుకొని ఇంటికొచ్చాడు. "వచ్చే నెల పోటీలో నూటయాభై ఎత్తకుంటే నీ జాగా ఇంకొకనికిస్తా" అన్నాడట ఉస్తాదు. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు. మన వంశంలో అన్నం ముట్టని మగవాణ్ణి ఎన్నడూ చూడలేదు గనక భయం వేసింది.

నడుము కుదుటపడ్డాక నిండు కడవ ముందు పెట్టి, ఎత్తి చూపమన్నాను.

"ఓరి, కొంగ వంగినట్ల వంగినావే! మోకాళ్లు వంచి కూచో. ఈపు నిటారుగా పెట్టు. కడవను ఒంటికి ఆనించుకో. ఇప్పుడు కాళ్ల బలంతో లెయ్."

"అది కడవవ్వా, ఇది బారు."

"బరువుకు పేరు తెలుస్తాదా? ఐదేండ్ల పిల్లకు చెంబు, ఎనిమిదేండ్లకు బిందె, పెండ్లీడుకు కడవ. మొదటి దినమే కడవ ఇచ్చింటే మీ యమ్మ దాని కిందనే ఉండేది."

ఆనాటి నుంచి నీళ్లు తెచ్చే పని వాడిదే. మొదట సగం కడవ, తర్వాత ముప్పాతిక, తర్వాత నిండు కడవ. తాలింఖానాలోనూ బరువు తగ్గించి, ఐదేసి పౌండ్లు పెంచుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా నాగరాజూ, అవ్వ కాలు విరిగిందా?" అని కుళాయి కాడ ఆడవాళ్లు నవ్వారు.

"సాధన చేస్తాండానక్కా."

పోటీకి నేనూ పోయాను. మూడు అవకాశాలిస్తారు. మొదటి రెండుసార్లూ మన కొంగ పాత పద్ధతిలోనే వంగింది, బారు మోకాళ్ల దాకా వచ్చి కింద పడింది. మూడోసారి ఉండబట్టలేక లేచి, "కడవరా! నిండు కడవ!" అని అరిచాను. జనం గొల్లుమన్నారు. వాడు మోకాళ్లు వంచి కూర్చున్నాడు, వీపు నిటారైంది, బారు ఒంటిని రాసుకుంటూ లేచి తల మీద నిలిచింది.

"ఈ పట్టు యాడ నేర్చినావప్పా?" అన్నాడు ఉస్తాదు.

"కుళాయి కాడ" అన్నాడు వెధవ. నా పేరు నోట రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఉస్తాదు శిష్యులు ఏడుగురు మా గడపలో నిలబడి, "అవ్వా, కడవ ఇయ్యి" అన్నారు. ఇప్పుడు వీధి వీధంతటికీ వాళ్లే నీళ్లు మోస్తున్నారు. పని తప్పిన ఆడవాళ్లంతా పొద్దున్నే నా దగ్గర చేరి కబుర్లు. కుళాయితో మాట్లాడే తీరిక నాకిప్పుడు లేదు. బాగున్నాను, నిజంగానే బాగున్నాను.

ఇక నెయ్యి పంపవద్దు. అటక మీది ఇత్తడి కడవలు నాలుగు పంపు. చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పి, కోపం తగ్గిన పూట చూసి ఆమె ఆశీర్వాదం అడిగి రాయి. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ తప్పులూ ఎరిగిన అక్క
ఈశ్వరమ్మ

తా.క. కడవలు బస్సుకు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచు.