అమ్మే బండికి బ్యాటరీ ఎందుకంటే

టూవూంబా,
జులై, ఆదివారం.

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. డార్విన్‌లో మీరూ బాగున్నారని మొన్న అందిన ఉత్తరం వల్ల తెలిసింది. ఫోన్లో మాటకి మాట పెరుగుతోంది, పైగా అమ్మ పక్కనే కూర్చుని అన్నీ వింటుంది, కాగితం మీదైతే ఇద్దరం ఆలోచించి రాస్తాం అన్నారు. నిజమే. మీ ఉత్తరం పక్కన పెట్టుకునే రాస్తున్నాను. మీరు అడిగిన వరసలోనే జవాబులు చెబుతాను. ఒక్క సంగతి మాత్రం చివరికి ఉంచుతాను. ముందే రాస్తే మిగతావి మీరు చదవరు.

అత్తయ్య దగ్గు తగ్గలేదు. ఈసారి ఇక్కడ జులై చలి గట్టిగా ఉంది. పొద్దున తలుపు తీస్తే పెరట్లో గడ్డంతా తెల్లగా మంచు. డాక్టరు మందు మార్చాడు. పడుకున్నప్పుడల్లా, పగటి కునుకైనా సరే, ముక్కుకి గాలి కొట్టే ఆ మాస్క్ మెషిన్ ఉండి తీరాలని మళ్లీ చెప్పాడు. చలికాలం పోయేదాకా ఎక్కడైనా వెచ్చటి చోట ఉంచగలిగితే మంచిదన్నాడు. ఆ మాట అన్నప్పుడు అత్తయ్య నా వైపు చూసింది. నేను గోడ మీదున్న ఊపిరితిత్తుల బొమ్మ వైపు చూశాను.

హరిప్రియ ఆదివారాలు ఫోన్ చేస్తూనే ఉంది. తనుండే గంగాలిన్‌లో ఇక్కడికంటే చలిగా ఉందట. నేను మన కారవాన్ కింద, ఆ చక్రాల ఇంటి కింద దూరి బోల్టు బిగిస్తున్న ఫొటో పంపితే, "మమ్, ఆర్ యూ ఓకే? డాడ్ దాన్ని సెల్ చేసేస్తున్నాడు కదా?" అంది. ఆ ఫొటో మీకు పంపింది తనేనని మీ ఉత్తరం చూడగానే అర్థమైంది. ఏమీ అనలేదు లెండి.

ఇక మీ మూడో ప్రశ్న. "అమ్మేసే బండికి బ్యాటరీ పెట్టె ఎందుకు బిగించావు?" అని కింద గీత గీసి మరీ అడిగారు. బండి అమ్మలేదండీ. మీరు మాట్లాడి పంపిన ఆయన వచ్చాడు, భార్యని కూడా తీసుకొచ్చాడు. మర్యాదస్తులే. టీ ఇచ్చి, ఇప్పుడు అమ్మడం లేదని చెప్పి పంపించేశాను. ముందు మిమ్మల్ని అడిగి ఉండాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు.

మనం కారు వెనక కారవాన్ తగిలించుకుని ఎక్కడికెళ్లినా కరెంటు ప్లగ్గు ఉన్న కారవాన్ పార్కుల్లోనే ఆగేవాళ్లం కదా. ప్లగ్గు లేకపోతే అందులో లైటు కూడా వెలగదు. ఇప్పుడు అటు ఉత్తరాదిన వెచ్చటి పొడి రోజులు కాబట్టి అక్కడికి వెళ్లే దారిలో పార్కులన్నీ నిండిపోయి ఉంటాయని, కొన్ని రాత్రులు రోడ్డు పక్కన స్థలాల్లో ఆగక తప్పదని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. ప్లగ్గు లేనిచోట అత్తయ్య మెషిన్ నడవాలంటే బ్యాటరీ కావాలి. అందుకు పెట్టె. ఉత్తరాదికి ఎందుకని మీరు ఈపాటికి అనుకుంటూ ఉంటారు. వస్తున్నాను అక్కడికే.

బ్యాటరీని లోపల మంచం కింద పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. కారవాన్‌ని కారుకి తగిలించే ఇనప మూతి ఉంది కదా, డ్రాబార్, దాని మీద గ్యాస్ సిలిండర్ల ముందు కొంత జాగా ఉంది. ముందు ఒక అట్టపెట్టెని అసలు పెట్టె కొలతకి కోసి అక్కడ కూర్చోబెట్టి చూశాను. అలా చూడడం మంచిదైంది. డ్రాబార్‌ని పైకెత్తే ముందుచక్రం పిడి తిప్పితే సరిగ్గా పెట్టె మూతకి కొట్టుకుంటోంది. అట్టపెట్టెని వెనక్కి జరిపాను, అప్పుడు సిలిండర్‌కి మరీ దగ్గరైంది. పక్కకి జరిపి, మూత పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూసి, అప్పుడు సుద్దముక్కతో గుర్తు పెట్టాను. డ్రాబార్‌కి బెజ్జాలు వేయకూడదు, బరువంతా లాగే ఇనుము అది, బలహీనపడుతుంది. అందుకని పైన ఒక ఇనప పలక, కింద ఒక ఇనప పలక పెట్టి మధ్యలో డ్రాబార్‌ని పట్టేలా బోల్టులు బిగించాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. వైరు ఇనుముకి ఒరుసుకోకుండా పైపులోంచి తీసుకెళ్లాను. ఖర్చు సంగతి ఈ ఉత్తరంలో రాయను, బిల్లులు ఎప్పటిలాగే ఫైల్లో ఉన్నాయి.

బ్యాటరీ ఎత్తడం నా ఒక్కదాని వల్ల కాలేదు. ఎదురింటి బాను డ్యూటీ దిగి వస్తుంటే పిలిచాను. ఆస్పత్రిలో పేషెంట్లని మంచం మార్చినట్టు కింద దుప్పటి వేసి ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం.

"అక్కా, నట్టు బిగించేటప్పుడు పళ్లు కూడా బిగించాల్నా ఏంది?" అంది నన్ను చూసి. "కొంచెం నవ్వుండ్రి. యోగానంద్ అన్న చూస్తే బేజారైతడు."

"ఆయన చూడ్డానికి ఇక్కడుంటే కదా," అన్నాను. మామూలుగానే అన్నాననుకున్నాను. బాను మరి నవ్వలేదు.

ఇంతలో అత్తయ్య శాలువా కప్పుకుని, పళ్లెంలో పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చేసింది. కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా బిగిస్తావని నన్ను కోప్పడింది. నేను స్పానర్ కోసం గరాజ్‌లోకి వెళ్లొచ్చేసరికి పెట్టె మూతకీ, చక్రాలకీ, డ్రాబార్ మూతికీ అన్నిటికీ బొట్లు. "మరీ ఇంత పసుపా అమ్మా" అని బాను అంటోంది. "నీకూ పెడతాను రావే" అంటోంది ఈవిడ. బాను చెయ్యి చాపి మణికట్టు మీద పెట్టించుకుంది. నేను వైర్లు తగిలించి, బిగించి, మూత వేసేశాను. లైటు వెలిగింది. నీళ్ల పంపు తిరిగింది. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, పరీక్ష చేద్దామని అత్తయ్యని కారవాన్‌లోనే పడుకోబెట్టి మెషిన్ బ్యాటరీకి తగిలించాను. కాసేపు నడిచి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. బ్యాటరీ నిండుగా ఉంది. ఫ్యూజు పోలేదు. ఒక్కో అడుగూ వెనక్కి వస్తూ మీటర్ పెట్టి చూసుకున్నాను. మెషిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ కొమ్ము మీద, వైరు తగిలించే చోట, పెడితే కరెంటు పూర్తిగా చూపిస్తోంది. ఆ కొమ్ముని పట్టుకున్న వైరు చివరి బిళ్ల మీద పెడితే పడిపోతోంది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నవే. వాటి మధ్య ఏముంటుంది?

బిళ్ల విప్పి చూస్తే పసుపు. అత్తయ్య రెండు కొమ్ములకీ దట్టంగా పసుపు అలికి బొట్టు పెట్టింది. నేను చూడకుండా దాని మీదే బిగించాను. అది ఎండి పెళ్లలా గట్టిపడింది. లైటూ పంపూ కొద్దిపాటి కరెంటుతో నెట్టుకొచ్చాయి. మెషిన్‌లో నీళ్లు వెచ్చబెట్టే పళ్లెం కూడా ఉంది కదా, దానికి చాలలేదు. గీకి, తుడిచి, శుభ్రంగా బిగించాక ఆగలేదు. మళ్లీ మళ్లీ చూశాను, ఆగలేదు.

అత్తయ్యకి చెబితే పడీ పడీ నవ్వింది. "దేవుడి పేరు చెప్పి నా ఊపిరి నేనే ఆపుకున్నానన్నమాట!" నవ్వు దగ్గులోకి దిగి, వీపు నిమిరితే గానీ ఆగలేదు.

ఈ కథ ఇలా రాస్తే మీరూ నవ్వుతారని తెలుసు. ఇప్పుడు చివరికి ఉంచిన సంగతి రాస్తాను.

మెషిన్ ఆగిపోయినప్పుడు నేను ఆ పక్క మంచం మీదే ఉన్నాను. కనిపెట్టుకుని కూర్చోవాల్సినదాన్ని, కాస్త నడుం వాల్చాను. మెషిన్ ఆగితే పెద్దగా కూత పెడుతుందని మీకు తెలుసు. చేతికందే దూరంలో అది కూస్తూనే ఉందట. నాకు వినిపించలేదు. నేను లేచేసరికి కిటికీలోంచి ఎండ పోయి, లోపలంతా చల్లబడింది. అత్తయ్య మాస్క్ తీసి ఒళ్లో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుని నన్నే చూస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. తన శాలువా నా మీద కప్పి ఉంది.

"లేపలేదేం అత్తయ్యా? పిలిస్తే లేచేదాన్ని కదా!" అని అరిచాను. ఆవిడ మీద నేనెప్పుడూ అరవలేదు.

"నువ్వట్లా ఒళ్లెరక్కుండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. లేపబుద్ధి కాలేదే అమ్మాయ్," అంది. మళ్లీ ఊపిరి తీసుకుని, "నేను పడుకోకుండా కూర్చుంటే సరిపోతుంది కదా అనుకున్నాను," అంది.

బానుని పిలిచాను. వచ్చి నాడి చూసి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి, వేడి నీళ్ల సంచీ ఇచ్చి, తేరుకునేదాకా ఉంది. ఫర్వాలేదంది. వెళ్లేముందు నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లి, "అమ్మకి కాదు అక్కా, ముందుగాల మీకే డాక్టర్ గావాలె. మా వార్డుల ఇట్ల నిద్రపోతే నన్ను ఇంటికి పంపిస్తరు," అంది.

నన్ను ఎవరు ఇంటికి పంపిస్తారండీ? నేను ఉన్నదే ఇంట్లో.

మీరు వెళ్లినప్పటి నుంచీ రాత్రిళ్లు మెషిన్ చప్పుడు మారిందేమోనని చెవి అటే పెట్టుకుని పడుకుంటున్నాను. దాన్ని నిద్ర అనలేం. పగలు మిగతా పని. కొన్నాళ్లే కదా, ఆరు నెలల ఉద్యోగమే కదా అనుకుని చేశాను. తర్వాత మరో ఆరు నెలలన్నారు. ఇప్పుడు రెండేళ్లంటున్నారు, ఈ నెలాఖరుకి సంతకం పెట్టాలంటున్నారు, కారవాన్ ఎలాగూ వాడం కాబట్టి అమ్మేయమంటున్నారు. మీ ఉత్తరంలో అన్నీ సబబుగానే ఉన్నాయి. ఒక్కటే లేదు. ఆ రెండేళ్లు రాత్రిళ్లు మేలుకునేది ఎవరో రాయలేదు. రాయక్కర్లేదనుకున్నారు. నాకు కోపం లేదు. కోపానికి ఓపిక కావాలి. నాకు వినిపించడం లేదండీ, అంతే. మొన్న కూత వినిపించలేదు. ఇంకోసారి వినిపించకపోతే ఆవిడ గోడకి ఆనుకుని కూర్చోగలుగుతుందో లేదో.

అందుకని మేం డార్విన్ వస్తున్నాం. చలి పోయేదాకా ఉత్తరాదిన ఎక్కడైనా వెచ్చటి చోటికి తీసుకెళ్దామనే నేను అనుకున్నాను, మీ దగ్గరికే అన్నది మాత్రం అత్తయ్యే. మెషిన్ ఆగిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "విమానంలో నన్ను ఎక్కనివ్వరని డాక్టరు చెప్పాడు. నీ బండి ఉంది కదా. పద, వాడి దగ్గరికి పోదాం. నా కన్నకొడుకు నన్ను కొన్నాళ్లు చూసుకోడా?" అంది. నేను మీ షిఫ్టుల సంగతి చెప్పాను. "షిఫ్టులు చేసేవాళ్లకి అమ్మలుండరా?" అంది. దానికి జవాబు మీ దగ్గర ఉంటే ఆవిడకే చెప్పండి.

రేపు కాదు, ఆ పై సోమవారం బయల్దేరతాం. నెమ్మదిగా వస్తాం, రోజుకి కొంత దూరమే. కారు నడుస్తుంటే బ్యాటరీ నిండుతుంది. కారవాన్ తగిలించుకుని ముందుకీ వెనక్కీ నడపడం, మూడు ఆదివారాలు బాను పక్కన కూర్చుని అరుస్తుంటే, ఖాళీ పార్కింగ్‌లో నేర్చుకున్నాను. మలుపుల్లో ఇప్పటికీ భయమే. దారిలో రాత్రిళ్లు నేను మేలుకునే ఉంటాను, ఆ కాస్తా ఎలాగో నెట్టుకొస్తాను. పగలు నిద్ర వస్తే నడపను, బండి పక్కకి తీసి ఆపేస్తానని అత్తయ్యకి మాటిచ్చాను. ఫోన్ పనిచేసిన ప్రతి ఊరి నుంచీ మీకు చెబుతాను.

మీరు చేయాల్సింది రాస్తున్నాను. వద్దనడానికి ఫోన్ చేయకండి. మేం వచ్చాక ఒక నెల రాత్రి షిఫ్టులు వేయొద్దని మీ పైవాళ్లని అడగండి. మీ క్వార్టర్స్‌లో లోపలి గది ఖాళీ చేయండి, మంచం పక్కన ప్లగ్గు ఉండాలి. కారవాన్ బయట నిలపడానికి చోటు ఉందో లేదో చూడండి. పగళ్లు నావి. వంట, స్నానం, మందులు నేను చూసుకుంటాను. రాత్రులు మీవి. ఆ నెల గడిచాక సంతకం పెట్టాలో వద్దో మీరే చెప్పండి, మీరేం చెప్పినా అప్పుడు వింటాను. దానికి ముందు మాత్రం పెట్టకండి. గడువు కావాలని అడగండి. ఇస్తారు.

మాస్క్ పెట్టడం కష్టమేం కాదు. ఆవిడ వెల్లకిలా పడుకోకముందే, కూర్చుని ఉండగానే పెట్టాలి. ముందు ఎడమ పట్టీ. కుడి చెవి వెనక ఒరుసుకుపోయి పుండులా ఉంది, అటు చివర్న, మెల్లిగా. బిగిస్తే చెంపల మీద చారలు పడతాయి, వదిలేస్తే గాలి కళ్లలోకి కొడుతుంది. పెట్టాక చెయ్యి కాసేపు పట్టుకోవాలి. ఆవిడ అడగదు, కానీ పట్టుకుంటే త్వరగా నిద్రపోతుంది. మొదటి రోజు పక్కన నిలబడి చూపిస్తాను.

రెండో రోజు నుంచి నన్ను లేపకండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు, మీ భార్య
వసంత