మాండొలిన్‌కు కొత్త తీగలు

ఇబ్రహీంపట్నం,
అక్టోబరు 1948

ప్రియమైన ఇంద్రసేనన్నకు,

నీ దగ్గర మాండొలిన్ నేర్చుకున్న ఇశ్రాయేలు వందనాలు.

కాలి గాయం మానుతోందని, వచ్చే నెల దవాఖాన నుంచి ఇంటికి వస్తావని నిన్ను చూసి వచ్చిన శివయ్య చెప్పాడు. ఊళ్లో నీకు సభ పెడతారట, అందులో నేను వాయించాలట. నీ ఉత్తరంలో నువ్వూ అదే అడిగావు, తీగలు ఎలా ఉన్నాయని. నేను వాయించను, అన్నా. ఎందుకో రాస్తాను. చదివాక నన్ను తమ్ముడని పిలవకపోయినా సరే.

నువ్వు దళంలోకి పోయిన ఏడాదికే తీగలు తెగిపోయాయి. పట్నంలో తీగలమ్మే దుకాణం మూసేశారు. కుందేళ్లకు ఉచ్చు పన్నే ఇనుప తీగ బిగించుకున్నాను. ఎంత శ్రుతి చేసినా నాలుగు జంటల్లో ఏ జంటా ఒక్క గొంతుతో పలికేది కాదు. మా ఇంటామె లీదియా ప్రార్థనలో నవ్వు ఆపుకోలేక, "గది వాయించుడా, రేకు డబ్బా కొట్టుడా?" అనేది.

ఎండాకాలం రజాకార్లు చెరువు కట్ట మీద గుడారాలు వేశారు. నన్నూ మాండొలిన్‌నూ అక్కడికి పట్టుకుపోయారు. వాళ్లలో ఒకడు తీగ మీటి మొహం చిట్లించాడు. "గిసొంటి తీగెలు కడ్తె దీని పానం పోదా?" అని సంచిలోంచి కొత్త తీగల పొట్లం తీశాడు. అన్నీ తనే బిగించాడు. అచ్చం నీలాగే అన్నా, మూడో జంట దగ్గర ఆగి, మళ్లీ మొదటి జంటకు వచ్చి చెవి ఆనించి విన్నాడు.

వాయించమన్నారు. మొదటి పాట భయంతోనే వాయించాను. తర్వాత ఆ తీగలు పలికే తీరుకు ఒళ్లు మరిచిపోయాను. పొద్దుగూకే దాకా ఆపలేదు. వాళ్లు శభాష్ అంటే పొంగిపోయాను. బాలనర్సమ్మ కొడుకు బిక్షాన్ని ఆ ముందురోజే వాళ్లు కాల్చి చంపారు. అది తెలిసీ పొంగిపోయాను. ఆ తీగలు ఇంకా మాండొలిన్‌కే ఉన్నాయి. విప్పడానికి చేతులు రావడం లేదు. నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

సిగ్గుతో,
ఇశ్రాయేలు


సికింద్రాబాదు దవాఖాన

ఇశ్రాయేలూ,

వెంటనే జవాబు రాయలేకపోయాను. అబద్ధమెందుకు, మస్తు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆ తీగలు ఎలా పలుకుతాయో వినాలనీ అనిపించింది. దాంతో నా మీద నాకే రోత పుట్టింది. నిన్ను క్షమించడానికి నేనెవరిని? కొడుకు పోయింది నాకు కాదు. నా సభ సంగతి వదిలెయ్. బాలనర్సమ్మ ముందు కూర్చుని, నాకు రాసిందంతా నోటితో చెప్పు. ఆమె విప్పమంటే విప్పెయ్.

నీ అన్న,
ఇంద్రసేన


ఇబ్రహీంపట్నం

అన్నా,

నువ్వు చెప్పినట్టే మాండొలిన్ తీసుకుని పోయాను. బాలనర్సమ్మ వల బాగు చేసుకుంటోంది. ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె చేతులు వల మీద ఆగిపోయాయి.

"గా దినం కోడల్ని, పిల్లల్ని తోల్కొని చెరువు తూముల దాక్కున్న" అన్నది. "మమ్మల్ని గూడ ఎత్కుతున్నరు. నీ వాయించుడు ఇనవడ్డంత సేపు ఆళ్లు లేవలె. ఆపకు కొడుకా, ఆపకు అని నిన్నే మొక్కుకున్న. చీకటి పడ్డంక బయట పడ్డం. నువ్వు మాకోసమే వాయించినవని మావోళ్లందరికి చెప్పుకుంట తిరిగిన."

మీకోసమే వాయించాను పెద్దమ్మా అనడానికి నోరు కూడా తెరిచాను. అన్నా, ఆ మాట కూడా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తీగలు విప్పమంటావా?" అని అడిగాను.

ఆమె వల పక్కన పెట్టింది.

"ఉండనియ్యి" అన్నది. "వాయించు. గీసారన్న మాకోసం వాయించు."

వాయించాను. స్వరాలు తప్పాయి. అంత చెడ్డగా నేనెన్నడూ వాయించలేదు. ఆమె చివరిదాకా విన్నది.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు