నీ కుర్చీ ఎత్తు కారు

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, నీ అల్లుడి నడుము తప్ప. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావని చెల్లి చెబుతోంది. నువ్వు చెబితే నమ్ముదామని చూస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం దాని చేత చదివించుకోకు. కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని నువ్వే చదువుకో. ఫోన్‌లో మాట్లాడదామంటే నీకు సగం వినబడదు, వినబడని సగం పక్కనుంచి అది అందిస్తుంది. నేను నీతో ఏం చెప్పుకోవాలన్నా దాని నోటి మీదుగానే రావాలి. నా సొంత అమ్మతో మాట్లాడటానికి నాకు దుబాసీ ఎందుకు? అందుకే పెన్ను పట్టాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నీ అల్లుడి నడుము నొప్పి తగ్గలేదు, పెరగలేదు. రోజంతా వంగి చెక్కకు చిత్రిక పట్టడం మానితే తగ్గుతుందని డాక్టరు అన్నాడు. మానితే ఇల్లు మీరు నడుపుతారా అని ఈయన ఆ డాక్టర్నే అడిగొచ్చారు. నీ మనవరాలు నోట్లో వేలు పెట్టుకోవడం మానేసింది, ఇప్పుడు గోళ్ళు కొరుకుతోంది. నా కర్టెన్ల పని బాగానే సాగుతోంది. కొత్త ఇళ్ళల్లోకి దిగేవాళ్ళు కిటికీ కొలతలకి పిలుస్తూనే ఉన్నారు. బట్టల మూటలు ఒళ్ళో పెట్టుకుని, కర్టెన్ కడ్డీలు టాక్సీ అద్దంలోంచి బయటికి చాపుకుని ఊరంతా తిరుగుతున్నాను. కారు కొనేది అందుకేనని అందరికీ చెప్పాను. నీకూ అదే రాశాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "కొనేది ఎలాగూ కొంటున్నావు, చెల్లి కారు లాంటిదే తీసుకోరాదా" అని రాశావు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఒక ఇంటికి కుట్టాల్సిన కర్టెన్లు తిరగేసి కుట్టాను.

దాని ఎర్ర కారు వచ్చినప్పట్నుంచీ నీ ఉత్తరాలు చూసుకున్నావా? అందులో కూర్చుంటే లోకమంతా కిందికి కనబడుతుందని ఒకసారి. మీట నొక్కితే పైకప్పు జరిగి ఆకాశం కనబడుతుందని ఇంకోసారి. నేను తల పైకెత్తితే నాకూ ఆకాశమే కనబడుతుందమ్మా, దానికి వాయిదాలు కట్టక్కర్లేదు. చెల్లి వంట, చెల్లి ఇల్లు, చెల్లి కూతురి తెలివి, ఇప్పుడు చెల్లి కారు. నా గురించి మాత్రం "నువ్వు ధైర్యస్థురాలివి, నీకేం" అని ఒక ముక్క. ధైర్యస్థురాలు అనిపించుకున్నదాని దగ్గరికి ఎవరూ వచ్చి ఉండరు, చూశావా? చిన్నప్పుడు బస్సులో అది నీ ఒళ్ళో కూర్చుంటే నేను పక్కన కడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పటికీ నా స్థానం అదే.

అవును, దాన్ని చూస్తే నాకు కుళ్ళే. దాచుకోవడం ఎందుకు. కారు చూసి కాదు, అందులో ముందు సీట్లో నువ్వు కూర్చుంటావు కదా, అది చూసి. నాకూ ఒక కారుంటే, అందులో నువ్వు హాయిగా కూర్చోగలిగితే, నిన్ను తెచ్చి నా దగ్గరే ఉంచుకోవాలని నా ఆశ. కడ్డీలూ మూటలూ వట్టి సాకు.

కిందటిసారి నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నేనొకటి కనిపెట్టాను. సోఫాలో కూర్చుంటే నిన్ను లేపడానికి ఇద్దరం చెయ్యివ్వాల్సి వచ్చేది. మంచం మీంచి లేవాలంటే ముందుకీ వెనక్కీ ఊగేదానివి. వంటింట్లో గోడ పక్కనున్న చెక్క కుర్చీ మీంచి మాత్రం ఇట్టే లేచేదానివి. మాట మధ్యలో లేచి, పొయ్యి కట్టేసి వచ్చి, మళ్ళీ కూర్చుని మాట అందుకునేదానివి. ఆ ఎత్తు నీ మోకాళ్ళకి నచ్చింది. కార్లు చూడటానికి బయలుదేరే ముందు, కర్టెన్ అంచుకి వేసే పట్టీ ముక్కని ఆ కుర్చీ ఎత్తుకి కత్తిరించి చేతిసంచిలో వేసుకున్నాను.

మాతోపాటు నీ అల్లుడి స్నేహితుడు, మెకానిక్, వచ్చాడు. అతన్ని అందరూ 'అనుమానాలు' అని పిలుస్తారు. ఏ బండి ఎదురైనా ముందు అనుమానించి, ఆ తర్వాతే దాని యజమానిని పలకరిస్తాడు. మా దగ్గరున్న డబ్బుకి కొత్తది రాదని, పాతదాంట్లోనే నమ్మకమైనది వెతకాలని అతనే తేల్చాడు.

నిజం చెప్పాలంటే మొదట చెల్లి కారు కంటే ఎత్తైనదే చూశాను. తెల్లగా, ఏనుగు పిల్లలా ఉంది. దాన్ని తీసుకుని మీ వీధిలోకి వస్తే చెల్లి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని లోపల్లోపల మురిసిపోయాను కూడా. పట్టీ తీసి పట్టి చూశాను. సీటు ఇంకా జానెడు పైనే ఉంది. అమ్మేవాడు నన్నూ పట్టీనీ చూసి, "సీట్లకి కర్టెన్లు కట్టిస్తారా మేడం?" అన్నాడు. ఈలోగా అనుమానాలు తలుపు తీసి వాసన చూశాడు. "ఇంత సెంటు కొట్టారంటే ఏదో దాస్తున్నారు," అని కాళ్ళ కింద పట్టా ఎత్తాడు. అంతా తుప్పు. "ఈ బండి ఎప్పుడో వరదలో ఈదింది," అన్నాడు. నాకు కొంచెం బాధేసింది. చెల్లి ముఖం నా కళ్ళ ముందు అంత బాగా కనబడింది మరి.

రెండోది నేలకి అంటుకుపోయినట్టున్న నీలం కారు. ఇంజను చప్పుడు విని అనుమానాలు తలాడించాడు. అది అతని ఒప్పుదల. నేను కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వద్దన్నాను. "నేను ఒక బండిని మెచ్చుకోవడమే అరుదు. అలాంటిది మీరు గుడ్డపీలిక చూసి వద్దంటారా?" అని అతను ముఖం మాడ్చుకున్నాడు. నీ అల్లుడు మాత్రం పట్టీని చూసి, నన్ను చూసి, ఇంకో కారు చూద్దామని నడిచారు. తను చేసిన కుర్చీ కొలత తనకి తెలియదా?

అలా వారాలు తిరగ్గా ఒక పళ్ళ డాక్టరు గారి కారు దొరికింది. బూడిద రంగు సెడాన్, అంటే వెనక డిక్కీ ఉన్న పొట్టి రకమే గాని, లోపల కాస్త ఎత్తుగా ఉంటుంది. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప ఎటూ తిప్పలేదట ఆవిడ. తలుపు పూర్తిగా వెడల్పుగా తెరుచుకుంటుంది. సీటు పక్కన చిన్న మీట ఉంది, దాంతో ఎత్తు సర్దుకోవచ్చు. పట్టీ పట్టాను. అంచుకి అంచు సరిపోయింది. అక్కడే పక్కకి తిరిగి కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను, నీ మోకాళ్ళు నాకున్నట్టు. అనుమానాలు బండి కింద పడుకుని చూశాడు, చక్రాలు తిప్పి చూశాడు, ఒక్కడే తీసుకెళ్ళి గుంతల దారిలో నడిపాడు. తిరిగొచ్చి దిగులుగా నిలబడ్డాడు. "ఏదో ఉండే ఉంటుంది వదినా. నాకు దొరకలేదు," అన్నాడు. అంతకంటే పెద్ద కితాబు అతని నోట రాదు. బయానా ఇచ్చేశాం.

ఆ సాయంత్రమే చెల్లి ఫోన్ చేసింది. నీ మోకాలు బాగా వాచిందని, కారు ఎక్కడానికి తలుపు దగ్గర స్టూలు వేస్తే నువ్వు దాని మీంచి జారావని, దెబ్బ తగల్లేదు గాని అప్పట్నుంచి ఆ కారు దగ్గరికే రావడం లేదని చెప్పింది. మోకాలికి కసరత్తు చేయించే అమ్మాయి దగ్గరికి కూడా వెళ్ళడం మానేశావట. "ఎంత బతిమాలినా వినదక్కా. నాకు భయంగా ఉంది," అని ఏడ్చింది. నేను వెంటనే, "అమ్మని నా దగ్గరికి పంపు. తను ఎక్కగలిగే కారు నాకు దొరికింది," అన్నాను. అది ముక్కు చీదుకుంది. తర్వాత, "అమ్మని అడుగు," అని పెట్టేసింది.

మా ఇంట్లో నీ కోసం అనుకున్న గదిలో పరదాలు మార్చాను. ఆ చెక్క కుర్చీని కూడా అక్కడికి జరిపాను. నీ అల్లుడు గుమ్మంలో నిలబడి చూస్తూ, "కసరత్తు చేయించే అమ్మాయి అక్కడుంది. చెవి డాక్టరు అక్కడున్నాడు. సాయంత్రాలు కబుర్లు చెప్పుకునే ముసలమ్మలంతా అక్కడే. ఇక్కడికొస్తే అత్తయ్య ఆ కారులో ఎక్కడికెళ్తారు?" అన్నారు.

"నాతో."

"నీతో ఎక్కడికి?"

"ఎక్కడికైతే ఏం? నా పక్కన కూర్చుని తిరుగుతుంది," అన్నాను.

ఆయన తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయారు. ఏమైనా అని ఉంటే దెబ్బలాడేదాన్ని, మనసు తేలికపడేది. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. చెల్లి కారు లాంటిది కొనుక్కోమన్న చోట కోపంతో ఆగిపోయి, ఆ తర్వాతి వరసలు సరిగ్గా చదవనే లేదు. చెల్లి పాపకి నువ్వు జడ వెయ్యకపోతే బడికి వెళ్ళనంటుందని రాశావు. దాని కింద, "బయటికి వెళ్ళి చాలా రోజులైంది. ఫరవాలేదు, కిటికీ ఉందిగా" అని రాశావు. స్టూలు మీంచి జారిన సంగతి ఎక్కడా లేదు. ఎక్కలేని కారుని కూడా చెల్లి మాట పడకూడదని పొగుడుతూ రాశావు. అది చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను. నా కోసం నువ్వెప్పుడైనా ఏదైనా అలా దాచావా అని.

అమ్మా, ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఇంత దూరం రాసుకుంటూ వచ్చింది ధైర్యం కూడగట్టుకోవడానికే. చెల్లి ఫోన్‌లో ఏడుస్తుంటే, నీ మోకాలు వాచిందని, నువ్వు ఇక ఆ కారు ఎక్కలేవని విన్నప్పుడు నాకు సంతోషం వేసింది. బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే. ఇక అమ్మ నాదే అనుకున్నాను. మా అమ్మకి నొప్పి అని వింటూ, వంటింట్లో నిలబడి నవ్వుకున్నాను. అద్దంలో కాదు గాని, చీకటి పడ్డ కిటికీలో నా ముఖం నాకు కనబడింది. ఈ మాట నీ అల్లుడికి కూడా చెప్పలేదు. నీ మీద ప్రేమే అని ఎంత సర్దిచెప్పుకున్నా ఆ నవ్వు ముందు ఆ మాట నిలబడటం లేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఈసారి మాత్రం నీకేం, ధైర్యస్థురాలివి అని రాయకు.

మర్నాడు చెల్లికి ఫోన్ చేశాను. నువ్వు నిద్రపోయే వేళ చూసి చేశాను, నీకు చెప్పొద్దని కూడా అన్నాను. "అమ్మ ఎక్కగలిగే కారు అమ్మ ఉన్న చోటే ఉండాలి. నా కారు నువ్వు తీసుకో, నీది నాకివ్వు," అన్నాను.

అది నమ్మలేదు. "నీకు ఆ కారంటే అంత ఇష్టమా అక్కా?" అంది. చూశావా, దానికీ నేను అలాంటిదాన్నే అనిపించింది. నేను చేతులారా తెచ్చుకున్న పేరే అది.

"ఇష్టం లేదు. కర్టెన్ కడ్డీలు పడతాయి, మీ బావగారి నడుముకీ మంచిది," అన్నాను.

"ఎన్నాళ్ళు?" అంది. "అమ్మ మోకాలు బాగయ్యేదాకా," అన్నాను. ఆ వయసులో మోకాలు ఎంతవరకు బాగవుతుందో మా ఇద్దరికీ తెలుసు. అది మళ్ళీ ఏడ్చింది, ఈసారి నేనూ తోడయ్యాను. వాయిదాలు ఎప్పటిలా మరిదిగారే కడతారట. వెనక సీట్లో పాప పారబోసిన పాల మరక ఉందని, దాన్ని చూసి తిట్టుకోవద్దని చెప్పింది. తిట్టుకుంటానని చెప్పాను.

కాబట్టి మిగతా డబ్బు కట్టేసి, వచ్చే ఆదివారం మేము బూడిద రంగు కారులో వస్తున్నాం, ఎర్ర కారులో తిరిగి వెళ్తాం. మా వీధిలో వాళ్ళంతా ఆ పైకప్పు చూసి నోరెళ్ళబెడతారు. ఇన్నాళ్ళూ ఏ కారు చూసి ఏడ్చానో అది నా గుమ్మం ముందే ఉంటుంది. నా కుళ్ళు మాత్రం పోయేలా లేదమ్మా. ఇకమీదట ఆ పళ్ళ డాక్టరు గారి కారు మీద పడుతుంది.

ఒక్క షరతు పెట్టాను, చెల్లి ఒప్పుకుంది. తాళాలు దాని చేతికిచ్చే ముందు మొదటిసారి నిన్ను నేనే తిప్పుతాను. మనిద్దరమే, వెనక ఎవరూ ఉండరు. పాప పేచీ పెట్టినా సరే. ఎక్కడికి వెళ్ళాలో నువ్వే అనుకుని ఉంచు. దగ్గర చోటు మాత్రం చెప్పకు.

ఇట్లు,
నిన్ను ఎవరితోనూ పంచుకోవడం ఇంకా చేతకాని
నీ పెద్ద కూతురు