జైనబూ, నీ విత్తనాల కుండ

నా పేరు మల్లవ్వ. డెబ్బై ఏళ్లు దాటాయి. ఒమాన్‌లోని అల్ అమెరాత్‌లో కూతురు సుజాత ఇంట్లో ఉంటున్నాను. నేను చెబుతుంటే అదే రాస్తోంది. జైనబూ, నువ్వు పోయి నేటికి ఏడాది.

పొద్దున టాంజానియాలోని మీ ఊరి నుంచి నీ కూతురు నీమా ఫోన్ చేసింది. నీ దగ్గర నేర్చిన వచ్చీరాని అరబ్బీలోనే మాట్లాడింది. వానలు లేవట. మీ ఆడవాళ్లు బూడిద కలిపి కుండలో దాచిన విత్తనపు జొన్నలు దంచుకుని తిందామని, కొత్తవి కంపెనీ దగ్గర కొందామని మగవాళ్లు పట్టుబడుతున్నారట. సాయంత్రం పంచాయితీ.

"కుండ ఇయ్యకు బిడ్డా! అది ఆడోళ్లది. ఎండకు ఆగే గింజ మళ్ల దొరుకుతదా?" అని అరిచాను.

"ఖాలా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు" అంది, పిన్నిని పిలిచినట్టు.

మనం ఇక్కడ ఒకే అరబ్బు ఇంటి వంటింట్లో పనిచేసిన రోజుల్లో, ఎంత కరువొచ్చినా మీ అమ్మ ఆ కుండ ముట్టలేదని గొప్పగా చెప్పేదానివి. మరి ఆ పూట నీ కంచంలో ఏం పెట్టిందే? అదొక్కటీ చెప్పకుండా పోయావు.

"అమ్మా, పోయినామెతోని గూడ కొట్లాటేనా?" అంటోంది సుజాత.

"నువ్వు రాయవే!"

పొద్దు వాలే వేళ అసర్ నమాజు పిలుపు వినబడుతోంది. నీమా మళ్లీ ఫోన్ చేస్తే ఏం చెప్పను?

మల్లవ్వ వేలిముద్ర.
చూసినవారు: సుజాత, పక్కింటి ఫాతిమా.