అగనేతా వద్దన్న వాగు పొలం

కెనడా దేశం, మనిటోబా రాష్ట్రం, నోయెన్‌ఫెల్ట్ గ్రామ నివాసి బెర్న్‌హార్డ్ తేవ్స్ అను నేను, ఎనభై నాలుగేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. లాయరుగారి చిత్తులో "ప్రమాణం చేసి" అని ఉంటే నేనే కొట్టేశాను. మా మెనోనైట్ క్రైస్తవ సంఘంలో ఒట్టు వేయం. మాట ఇచ్చాక దాని మీద ఒట్టెందుకు?

1. వాగు పక్క పొలం, అందులోని మిషన్ షెడ్డుతో సహా, నా కొడుకు డీడ్రిక్‌కు చెందాలి. ఇవ్వాలని మాత్రం లేదు. ఎందుకో రాస్తాను.

నా కూతురు అగనేతా కోత మిషన్ నడిపి బతుకుతుంది. వడగళ్ళు పడ్డ ఏడు, భర్త పోయిన సారా లోవెన్‌కు మంగళవారం చేను కోస్తానని మాటిచ్చింది. ఆ పొద్దున పడమట వడగళ్ళ మబ్బు పచ్చగా లేచింది. డీడ్రిక్ మిషన్‌కు అడ్డం నిలబడ్డాడు. "ముందు మన చేను కొయ్యవే పిచ్చిదానా! ముసలామె రేపు కోయించుకుంటుందిలే."

"మాటిచ్చాను అన్నయ్యా, జరుగు" అంది.

సాయంత్రానికి సారా గోధుమ గాదెకు చేరింది. వాగు పక్క మా గోధుమ మట్టిలో కలిసింది. అందులో సగం పంట అగనేతాదే. అప్పు తీరక బ్యాంకు దాని ఇల్లు తీసుకుంది. అప్పటినుంచి నా వంటగదిలో పడుకుంటోంది. డీడ్రిక్ దానితో మాట్లాడడు.

అందుకే పొలం నా కూతురికే రాద్దామని మొన్న లాయరును పిలిచాను. కాఫీ తెచ్చిన అగనేతా విని, "నాన్నా, అమ్మను సమాధి చేసిన రోజు పొలం తనకేనని అన్నయ్యతో చేయి కలిపి మాటిచ్చావుగా. నాకెలా ఇస్తావు?" అంది.

"తాతగారూ, అది కోర్టులో చెల్లదు" అన్నాడు లాయరు.

"కోర్టుతో ఏం పనండీ? కలిపిన చెయ్యి మా నాన్నది" అంది.

ప్రభువుకు స్తోత్రం! ఇలాంటి బిడ్డను కన్నానా నేను! లాయరు చూస్తుండగానే దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. ఈ ముసలి గుండె ఇంత సంతోషం ఎన్నడూ ఎరగదు.

తీసుకోరా డీడ్రిక్. నీ మంచితనం చూసి ఇవ్వడం లేదు. నీ చెల్లెలు ఇప్పిస్తే నీకు దక్కిన మట్టి అది.

2. ఇల్లు, మీ అమ్మ ట్రూడా బన్నులు కాల్చిన రేకు, పొద్దుతిరుగుడు గింజల డబ్బా అగనేతావి. షెడ్డు పోతోంది కనుక మిషన్ ఇక మంచులోనే నిలబడాలి. నా గొర్రెతోలు కోటు సీటు మీద పరుచుకో తల్లీ.

3. సంఘపెద్ద అబ్రాం ఎన్స్ నా శవపెట్టె మోయకూడదు. మాట నిలుపుకోవాలని ఆదివారం వాక్యం చెప్పి, డీడ్రిక్ మొహం చూసి, సోమవారం అగనేతాను కాదని తన చేనుకు వేరే ఊరి మిషన్ పిలిచాడు. వస్తే కాఫీ పొయ్యండి. రెండో కప్పు వద్దు.

4. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అగనేతాదే. పొలాన్ని డీడ్రిక్‌కు అప్పగించవలసింది కూడా అదే. ఇంకెవరి చేతిలో పెట్టినా నాకు నిద్ర పట్టదు.

2011 అక్టోబరు 18
(సంతకం) బెర్న్‌హార్డ్ తేవ్స్

సాక్షులు:
సారా లోవెన్ (ఆ మంగళవారం గోధుమ ఈమెదే)
కార్ల్ హీబర్ట్, లాయరు