ముందు సీటు

నవంబర్ 4

డాక్టరమ్మ చెప్పింది కదా అని రాస్తున్నాను. బుర్రలో తిరిగేవన్నీ కాగితం మీద పెడితే నిద్ర పడుతుందట. నిన్న పెట్టాను. ఇప్పుడు కాగితం మీదా ఉన్నాయి, బుర్రలోనూ ఉన్నాయి. నా చదువు ఐదో తరగతితో సరి. తప్పులుంటే ఉంటాయి, దిద్దేవాళ్లెవరున్నారు.

ఎల్లుండే ప్రయాణం. రిటైరైన ఇన్నేళ్లకి ఆయన నన్ను ఊళ్లు తిప్పుతానంటున్నారు. కారు అద్దెకి తీసుకుని, కొండ కింద ఊళ్లో ఆగి, అక్కణ్ణించి రేవుకి పోయి, కారుతో సహా ఫెర్రీ ఎక్కి, రెండు దీవులు చూసి రావాలట. అమ్మాయీ అల్లుడూ ఫోన్లోనే అన్నీ బుక్ చేసేశారు. బస్సుల్లో పోదాం అంటే, బస్సు మాటెత్తకు అన్నారు. బతుకంతా బస్సు తోలిన మనిషి అనాల్సిన మాటేనా అది.

కారుని పడవెక్కిస్తారట. మనదొక్కటే కాదు, వరసగా ఎన్నో. అంత ఇనుము నీళ్ల మీద ఎలా నిలుస్తుంది అని అడిగితే, నిలుస్తుందిలే హారన్ అన్నారు. పెళ్లైన కొత్తలో పెట్టిన పేరు. ఆయన బస్సులో డ్రైవర్ సీటు వెనకే కూర్చుని, మెల్లగా, మెల్లగా అని దారంతా మొత్తుకున్నాను. కండక్టరు నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి నేను హారన్‌నే.

గ్యాస్ కట్టెయ్యాలి. పెరటి తలుపుకి రెండు గడియలూ వెయ్యాలి. ఆయన బీపీ మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టాలి. ఒకటి పోయినా ఒకటుంటుంది. పడవ మునిగితే రెండూ పోతాయి, అది వేరే సంగతి.

నవంబర్ 6, పొద్దున్న

కారు ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. ఆయన సంతకాలు పెడుతున్నారు. కారు మీద ముందే ఉన్న గీతలు చూసుకోండి, లేకపోతే మీరే పెట్టారంటాం అంది అక్కడి అమ్మాయి. తను మూడు చూపించింది. నేను చుట్టూ తిరిగి ఇంకా కొన్ని పట్టాను. అందులో ఒకటి పక్షి రెట్ట అంది. అయినా ఫోటో తియ్యమన్నాను. తీసింది పాపం.

నవంబర్ 6, సాయంత్రం

వచ్చి పడ్డాం. కాళ్లూ చేతులూ ఉన్నాయి.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన బండి నడుపుతుంటే మొహం చూడలేదు నేను. ఎప్పుడు ఎక్కినా వెనక సీటే కదా. నాకు తెలిసిందల్లా ఆయన మెడ. ఎండకి కమిలిన మెడ, కాలరు కింద మడిచి పెట్టిన రుమాలు, చెవి వెనక పుట్టుమచ్చ. ఆ మెడని బట్టి రోడ్డు చెప్పేసేదాన్ని. బిగుసుకుందంటే మలుపు, వాలిందంటే సాఫీ.

ఈ రోజు మొహం చూశాను. గేరు మార్చేటప్పుడు పెదాలు కదుపుతారు, పసివాడికి ముద్ద పెడుతూ తల్లి తనూ నోరు తెరిచినట్టు. ఎదురుగా బస్సొస్తే స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు లేపుతారు. ఆ డ్రైవర్లు ఈయన్ని ఎరగరు. అయినా కొందరు తిరిగి లేపారు. అప్పుడు ఆయన మొహం చూడాలి. పెళ్లిలో కూడా ఇంత తీరిగ్గా చూసుకోలేదు ఈ మొహాన్ని.

నేను మాత్రం నోరు మూసింది లేదు. ఎడమ పక్క గుంట, ఎడమ పక్క సైకిలు, ఎడమ పక్క గోడ, మెల్లగా. మామూలుగా అయితే విసుక్కుంటారు. ఈసారి, ఊ, చెప్పు చెప్పు అన్నారు. వయసు మీద పడి మెత్తబడ్డారు కాబోలు.

నోరొకటే కాదు, నా కుడికాలూ ఊరుకోలేదు. ముందు ఏది కనపడినా నేలకేసి తొక్కడమే, అక్కడ బ్రేకున్నట్టు. మ్యాట్‌కి చిల్లు పడితే ఆ అమ్మాయి దానికీ ఫోటో తీస్తుంది అన్నారు.

లాడ్జీ గది బాగుంది. కిటికీ గడియ వదులు. కుర్చీ అడ్డం పెట్టాను.

నవంబర్ 7

వాన. ఫెర్రీ లేదన్నారు. ఎంత హాయిగా ఉందో.

నవంబర్ 8

మునగలేదు.

రేవులో ఇనప పలక మీదుగా కారుని పడవ కడుపులోకి పోనివ్వాలి. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు రెండు చేతులూ ఊపుతూ రమ్మంటాడు. కారుకీ కారుకీ మధ్య జానెడు కూడా ఉండదు. ఇంకా కుడికి, ఇంకా కుడికి, ఎడమ పక్క తగులుతోంది అని అతను అరుస్తూనే ఉన్నాడు. ఈయన ముందుకీ వెనక్కీ తీసి తీసి, చివరికి ఎడమ అద్దాన్ని కమ్మీకి రాసేశారు. సంతలో తోపుడు బళ్ల మధ్య నుంచి బస్సుని వెన్నలో దారంలా లాగిన మనిషి. సైగలు చెయ్యడం రాదు వాడికి అని విసుక్కున్నారు. నేనూ ఆ కోటు మనిషినే తిట్టుకున్నాను. అద్దం మీద కొత్త గీత పడింది. ఇది ఆ అమ్మాయి ఫోటోల్లో లేని గీత.

పైన డెక్కు మీద కూర్చున్నాం. నేను ఆయనకి ఎడమ పక్క. నారింజ వలిచి తొన అందిస్తే తీసుకోలేదు. సముద్రం చూస్తున్నారేమో అనుకుని చెయ్యి అలాగే చాపి ఉంచాను. ఎంతసేపటికీ తీసుకోలేదు. తీసుకోండి అన్నాను. అప్పుడు ఆయన వేళ్లు నా చేతికోసం గాలిలో వెతికాయి.

నా చెయ్యి ఆయన చెంప పక్కనే ఉంది.

నవంబర్ 9, మధ్యాహ్నం

సిగ్గు విడిచి రాస్తున్నాను. పొద్దున్న పెట్రోల్ బంకులో ఆగినప్పుడు, పక్క సీట్లోంచి ఆయన్ని చూస్తూ కళ్లు పెద్దవి చేశాను. ఉలుకూ పలుకూ లేదు. నాలుక బయటపెట్టాను. లేదు. చెవుల దగ్గర చేతులు పెట్టి ఊపాను కూడా. ఆయన నిబ్బరంగా ముందుకి చూస్తూ కూర్చున్నారు. పెట్రోలు కొట్టే అతను మాత్రం చూసి మొహం తిప్పుకున్నాడు.

నవ్వు రాలేదు నాకు.

నవంబర్ 9, సాయంత్రం

సముద్రం పక్కన సన్న రోడ్డు. జల్లు పడుతోంది. ఎడమ పక్కన ఒకావిడ గొడుగు వేసుకుని నడుస్తోంది. రెండో చేత్తో బిడ్డని పట్టుకుంది. బిడ్డ గోడ వైపున్నాడు, అంతే అదృష్టం. ఆయన పక్కకి తియ్యలేదు. తీస్తారు, ఇప్పుడు తీస్తారు అనుకుంటూనే ఉన్నాను. టక్ మంది అద్దం. నోరు తెరిచాను, అరుపు రాలేదు. ఎప్పుడూ వచ్చే అరుపు ఆ ఒక్కసారే రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే గొడుగు రోడ్డు మీద దొర్లుతోంది. ఆవిడ నిలబడే ఉంది. బిడ్డని చంకకెత్తుకుంది. మా కారు వైపే చూస్తోంది.

ఏమిటా చప్పుడు అని అడిగారు. కొమ్మ అన్నాను.

రిటైరైన రోజు డిపోలో ఆయనకి దండ వేసి ఏం చెప్పారో నాకు గుర్తే. ఈయన చేతిలో కుక్కపిల్లకి కూడా దెబ్బ తగల్లేదు అని మైకులో చెప్పారు. ఆ మనిషికి ఈ మాట ఏ నోటితో చెప్పను? ఈ నోటికి విలువెక్కడుంది? బల్లి పడితే అరిచాను, మబ్బు పడితే అరిచాను, పాలు పొంగితే ఇల్లు కాలిపోయినట్టు అరిచాను. చెబితే నమ్మరేమో అని ఒక భయం. నమ్మితే ఏమైపోతారో అని ఇంకో భయం.

నవంబర్ 10

కడుపు నొప్పి అన్నాను, గదిలోనే ఉందాం అన్నాను. మధ్యాహ్నానికి ఆయనే, లైట్‌హౌస్ దాకా గాలికి పోయొద్దాం అన్నారు. వెళ్లాం. దారిలో జనం లేరు. నోరు తెరిస్తే అదే మాట వచ్చేస్తుందని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది.

నవంబర్ 11

పొద్దున్న దీవి అవతలి కొసకి బయల్దేరాం. బయల్దేరాం అంటే కారులో కూర్చున్నాం. ఆయన తాళం పెట్టారు, తిప్పలేదు.

నిన్నట్నించీ ఎందుకు మాట్లాడటం లేదు అని అడిగారు. గొంతు బాలేదన్నాను. నిన్న కడుపు, ఇవాళ గొంతా అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ చేతులు స్టీరింగ్‌ని వదల్లేదు. లైట్‌హౌస్ మలుపులో ఎడమ పక్క లోయ కదా, అక్కడ కూడా మెల్లగా అనలేదేం అన్నారు. నేను చీర అంచు చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు. పోయిన చలికాలం నుంచీ ఎడమ కన్ను మసక. మొదట పొగలా ఉండేదట. ఇప్పుడు అసలేమీ లేదట. ఎవరికీ చెప్పలేదు. చెబితే కారు ఇవ్వరు, అమ్మాయి గడప దాటనివ్వదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిపారు అన్నాను.

"నీ నోరు పెట్టుకునే నడిపానే. సైకిలు అంటే సైకిలు, గుంట అంటే గుంట. నిన్న నువ్వు నోరు మూసుకున్నావు. నాకు సగం రోడ్డు చీకటైపోయింది."

చెప్పు చెప్పు అన్నది అందుకా. నా బతుకంతా ఈ భయాన్ని ఒక రోగం అనుకున్నాను. దానికి మందులు కూడా మింగుతున్నాను.

మొన్నటిది కొమ్మ కాదు కదా అన్నారు.

కాదన్నాను. గొడుగు అన్నాను. ఆవిడ పక్కన బిడ్డ కూడా ఉన్నాడని చెప్పాను.

ఆయన చేతులు స్టీరింగ్ మీంచి జారి ఒళ్లో పడ్డాయి. ఆ చేతులు అలా ఊరికే పడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలేసింది, దాన్ని మించి కోపమొచ్చింది. మీ ముచ్చట కోసం ఒకళ్ల బిడ్డ పోయేవాడండీ అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని అంత మాట అన్నది ఇదే. ఆయన తల ఊపారు. ఇన్నాళ్లూ నిన్ను వెనక కూర్చోబెట్టే తిప్పాను, ఉన్న కన్ను కూడా పోకముందే ఒక్కసారి ముందు కూర్చోబెట్టాలనుకున్నాను అన్నారు.

చెప్పి, తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"హారన్ పనిచెయ్యని బండి డిపో గేటు దాటకూడదు. అది రూలు."

కారులోనే కూర్చున్నాం ఇద్దరం. ఎదురుగా లాడ్జీ గోడ. ఎక్కడికీ పోలేదు.

నవంబర్ 12

కారు ఆఫీసుకి ఫోన్ చేశాం. అవతలి రేవులో మా మనిషుంటాడు, అక్కడ అప్పజెప్పండి అంది ఆ అమ్మాయి. అద్దం గీత సంగతి నేనే చెప్పేశాను. రేపు కారుని తనే ఫెర్రీలో దాటిస్తానంది ఇక్కడి లాడ్జీ నడిపే ఆవిడ.

ఆ గొడుగావిడ ఎవరో కూడా లాడ్జీ ఆవిడకే తెలుసు. బడి పక్కన బట్టలు కుడుతుందట. బజారులో కొత్త గొడుగు కొని, నడుచుకుంటూ వెళ్లాం. నేనిచ్చి వస్తాను మీరుండండి అన్నాను, వినలేదు. ఆవిడ మిషను దగ్గర్నుంచి లేవకుండానే దులిపేసింది. బండి ఆపి చూడను కూడా లేదేం, కళ్లెక్కడ పెట్టుకుని తోలుతున్నావు పెద్దాయనా అంది. ఆయన తలొంచుకుని నిలబడ్డారు. పెట్టుకోవడానికి ఒకటే మిగిలిందమ్మా, ఇంక తోలను అన్నారు.

ఆవిడ చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది. ముందు నా వైపు చూసింది, తర్వాత లేచి ఆయనకి కుర్చీ వేసింది. ఆ బిడ్డ కొత్త గొడుగు విప్పి ఇంట్లోనే తిరిగాడు. కంట్లో పొడుచుకుంటావురా అని అరిచాను. ఆయన నా వైపు తిరిగి నవ్వారు. హారన్ వచ్చింది అన్నారు.

నవంబర్ 13

లాడ్జీ ఆవిడ తోలితే రేవుకి వెళ్లాం. మేమిద్దరం వెనక సీట్లో. గాలిలా తోలింది మహాతల్లి. ఆయన ఆవిడ మెడకేసి చూస్తూ కూర్చున్నారు. ఏం చూస్తున్నారు అంటే, రోడ్డెలా ఉందో తెలుస్తుందేమోనని అన్నారు. నేనెప్పుడో చెప్పిన మాట, గుర్తుంది ఆయనకి.

కోటు మనిషి చేతులూపగానే లాడ్జీ ఆవిడ ఒక్క ఊపులో కారుని లోపల పెట్టేసింది. బాగా తీసిందే అన్నారు ఆయన.

అవతలి రేవులో దిగి, కారు అప్పజెప్పాక మా అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏడ్చింది, నాన్నని తిట్టింది, కంటి డాక్టరు దగ్గర పేరు రాయిస్తాను వెంటనే వచ్చెయ్యండి అంది. వారంలోపు వస్తాం, ఇంకో దీవి మిగిలింది అన్నాను. అక్కడికి కారు లేకుండా ఎలా అంటే, బస్సు ఉందట అన్నాను. అమ్మా, నువ్వేనా మాట్లాడేది అంది.

నేనే. రెండో దీవికి పోయే ఫెర్రీ మొదటిదానికంటే చిన్నది. చిన్నదైతే ఇనుము తక్కువ కదా. ఎక్కేశాను.

నవంబర్ 14, బస్సులో

కిటికీ పక్క ఆయన. నేను కుడి పక్క కూర్చున్నాను, నా మొహం ఆయనకి కనపడాలి కదా.

మలుపులో ఎదురుగా లారీ. మెల్లగా, మెల్లగా అని అరుపు వినపడింది. నాది కాదు.

కిందకి చూశాను. ఆయన కుడికాలు నేలని తొక్కుతోంది. నా ఎడమ కాలు తీసి దాని మీద పెట్టాను. బస్సు ఆగింది.